పెద్దలకు పృచ్ఛకులు కావాలి

మానవ జీవితంలో వార్ధక్యం తప్పించుకోలేని దశ. తల నెరయడం, చూపు మందగించడం, నడక నెమ్మదించడం ప్రకృతి ధర్మాలు. అయితే దేహంతోపాటు బుద్ధి కూడా వాడిపోయి తీరవలసిందేనా? ఎనభై ఏళ్లు దాటినా ఊరి పొలాల గట్లను, నాలుగు తరాల చుట్టరికాలను, ఏ ఏడు ఏ వాగు పొంగిందో తడుముకోకుండా చెప్పే వృద్ధులు మన మధ్యనే ఉన్నారు. డెబ్బై నిండకుండానే మాటను మరచి, దారిని మరచి, కన్నబిడ్డ ముఖాన్ని మరచిన అభాగ్యులూ మన మధ్యనే ఉన్నారు. ఈ తారతమ్యానికి కారణాలు అనేకం. వంశపారంపర్యంగా సంక్రమించిన వాటిని మనం మార్చలేం. మార్చగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిని గూర్చి యువతరం ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరం ఉంది. ఎందుకంటే దాని తాళంచెవి యువతరం చేతిలోనే ఉంది.

మన సమాజంలో పెద్దలంటే గౌరవం లేదని ఎవరూ అనలేరు. పండుగనాడు వారి పాదాలకు నమస్కరిస్తాం. వేళకు అన్నం పెడతాం. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళతాం. కానీ ఇంటిలో ఏదైనా సమస్య వచ్చి పెద్దాయన నోరు తెరవబోతే, “నీకెందుకు తాతా ఈ గొడవ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో” అంటాం. ఆ మాట ప్రేమతో అన్నదే కావచ్చు. అయినా దానిలో “ఇక నీవు ఆలోచించనక్కరలేదు” అన్న ఆజ్ఞ దాగి ఉంది. ఆ తరువాత అంగడి లెక్క ఆయనకు చూపించం. పెళ్లి ముహూర్తం గూర్చి అడగం. పొలంలో ఏ పైరు వేయాలో సంప్రదించం. కొంతకాలానికి ఆయనే అడగడం మానుకుంటాడు. వాడని నాగలికి తుప్పు పట్టినట్లు, పని లేని బుద్ధి మొద్దుబారుతుంది. మనం దానిని వయసు మహిమ అని సరిపెట్టుకుంటాం.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో మన దేశంలో ఒక చట్టం వచ్చింది. పోషణ అనే మాటలో ఆహారం, వస్త్రం, నివాసం, వైద్యం చేరతాయని ఆ చట్టం వివరించింది. పిల్లలు వీటిని సమకూర్చకపోతే పెద్దలు ఫిర్యాదు చేయవచ్చు. ఇది అవసరమైన చట్టమే. కానీ “నా మనుమడు నాతో మాట్లాడడం లేదు, నా ఎదుట కూర్చుని ఒక ఆట అయినా ఆడడం లేదు” అని ఫిర్యాదు చేయడానికి ఏ కచేరీలోనూ వీలు లేదు. తిండి, బట్ట, ఇల్లు, మందు నాలుగూ అమరిన ఇంటిలోనే ఒక వృద్ధుని మనస్సు ఆకలితో అలమటించవచ్చు. ఆ ఆకలిని తీర్చే మార్గం ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న.

దీనికి సమాధానం మన సాహిత్య సంప్రదాయంలోనే దొరుకుతుంది. అవధానం తెలుగువారి సొంత విద్య అని మనం గర్వంగా చెప్పుకుంటాం. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు అవధానులకు పేరుమోసిన ఊరు. రాణా ప్రతాపసింహ చరిత్ర రచించిన దుర్భాక రాజశేఖర శతావధాని, శివభారతం రచించిన గడియారం వేంకట శేషశాస్త్రి ఆ ఊరి సాహిత్య చరిత్రలో మహనీయులు. తరువాతి కాలంలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ కీర్తిని నిలబెట్టారు. అష్టావధానంలో ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుండి అవధానిని ప్రశ్నిస్తారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది ఇస్తారు. ఒకరు అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తారు. ఒకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్లించాలని చూస్తారు. మధ్యలో ఎక్కడో గంట మోగితే ఆ గంటలను కూడా లెక్కపెట్టాలి. కొన్ని అవధానాలలో చదరంగం ఆట కూడా ఒక అంశంగా ఉండేది. పద్యం చెబుతూనే అవధాని పావులు కదిపేవాడు. చివరకు తాను చెప్పిన పద్యాలన్నింటినీ వరుసగా ధారణ చేసి అప్పగించేవాడు.

ఈ విద్యను చూసినప్పుడు మనమంతా అవధాని ప్రజ్ఞను మెచ్చుకుంటాం. అది సహజమే. అయితే ఆ ప్రజ్ఞను బయటికి తీసినవారు ప్రశ్నలు వేసినవారన్న సంగతిని మరచిపోతాం. వారికే పృచ్ఛకులని పేరు. పృచ్ఛకుడంటే అడిగేవాడు. ఎంత గొప్ప అవధాని అయినా పృచ్ఛకులు లేని ఖాళీ సభలో కూర్చుంటే అవధానం జరగదు. ధారణాశక్తి ఉండవచ్చు, కవితాశక్తి ఉండవచ్చు. వాటిని కదిలించే ప్రశ్న రానిదే ఆ శక్తులు నిద్రాణంగానే ఉండిపోతాయి. వృద్ధుల బుద్ధి విషయంలోనూ ఇదే నిజం. వారిలో తరగని జ్ఞాపకాలు ఉన్నాయి, అనుభవం ఉంది, ఉపాయం ఉంది. వారికి లేనివారు పృచ్ఛకులే.

మహాభారతంలో ఇంతకంటె గొప్ప ఉదాహరణ ఉంది. కురుక్షేత్ర యుద్ధం ముగిసింది. భీష్ముడు అంపశయ్యపై ఉన్నాడు. దేహమంతా బాణాలతో నిండిపోయిన ఆ కురువృద్ధుని వద్దకు ధర్మరాజు వచ్చి, రాజధర్మం ఏమిటని అడిగాడు, ఆపద్ధర్మం ఏమిటని అడిగాడు, మోక్షధర్మం ఏమిటని అడిగాడు. ఒక సమాధానం విన్న తరువాత మరొక సందేహం వెలిబుచ్చాడు. ఆ ప్రశ్నలకు భీష్ముడు ఇచ్చిన సమాధానాలతోనే శాంతి, ఆనుశాసనిక పర్వాలు చాలావరకు నిండాయి. తిక్కన సోమయాజి వాటిని మనకు తెలుగులో అందించాడు. “పెద్దవాడు బాధపడుతున్నాడు, విశ్రాంతి తీసుకోనిద్దాం” అని ధర్మరాజు దూరంగా నిలబడి ఉంటే ఆ జ్ఞానమంతా ఆ శయ్యమీదనే అంతరించిపోయేది. ధర్మరాజు చేసిన గొప్ప సేవ ప్రశ్నించడమే.

బ్రహ్మంగారిమఠం పరిసరాలలో పుట్టి పెరిగినవారికి ఇదే సత్యం మరొక రూపంలో పరిచయం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి పొందిన ఆ ఊరికి కందిమల్లాయపల్లె అని పూర్వనామం. స్వామివారి శిష్యులలో అగ్రగణ్యుడు సిద్ధయ్య. దూదేకుల కుటుంబంలో పుట్టి, ఇంటివారు వారించినా వినక గురువును ఆశ్రయించాడు. సిద్ధయ్య సందేహాలు అడుగుతుంటే గురువు బోధించాడని సంప్రదాయం చెబుతుంది. అందుకే ఆ ప్రాంతపు తత్త్వాలలో సిద్ధయ్యను పేరుపెట్టి పిలిచే సంబోధన తరచుగా వినిపిస్తుంది. ఈ తత్త్వాలను తరతరాలుగా కాపాడినవారిలో బడి ముఖం చూడని వృద్ధులు ఎందరో ఉన్నారు. వారికి పుస్తకంతో పని లేదు. తంబురా మీటగానే పాట దానంతట అదే వస్తుంది. తత్త్వంలో పైకి కనిపించే అర్థం ఒకటి, లోపల ఉండే మర్మం మరొకటి. ఇల్లు అన్నది దేహం కావచ్చు, తొమ్మిది వాకిళ్లు నవరంధ్రాలు కావచ్చు. పాడేవారు పాడుతుంటే వినేవారు ఆ మర్మాన్ని విప్పుకుంటూ సాగాలి. వైశాఖ శుద్ధ దశమినాడు జరిగే ఆరాధనోత్సవాలకు వచ్చిన వృద్ధులు, కాలజ్ఞానంలోని ఏ మాట ఎప్పుడు నిజమైందని తమలో తాము వాదించుకుంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ వాదనలో జ్ఞాపకం ఉంది, తర్కం ఉంది, ఎదుటివాని మాటను విని జవాబు చెప్పే నేర్పు ఉంది. బుద్ధికి ఇంతకంటె మంచి కసరత్తు ఏముంటుంది?

ఇది కేవలం సాహిత్యాభిమానంతో చెప్పే మాట కాదు. వైద్యశాస్త్రం కూడా ఈ దిశలోనే ఆలోచిస్తున్నది. అమెరికాలోని న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడ 75 ఏళ్లు దాటిన 469 మందిని వైద్యులు అనేక సంవత్సరాలపాటు పరిశీలించి, 2003లో తమ ఫలితాలను ప్రకటించారు. పరిశీలన కాలంలో వారిలో 124 మందికి డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు వ్యాధి వచ్చింది. మిగిలినవారి అలవాట్లకు, వీరి అలవాట్లకు గల భేదాన్ని వైద్యులు గమనించారు. నాలుగు అలవాట్లు ఉన్నవారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. మొదటిది చదవడం, రెండవది పలకపై పావులతో ఆడే ఆటలు ఆడడం, మూడవది వాద్యం వాయించడం, నాలుగవది నృత్యం చేయడం.

ఈ నాలుగింటిని చదువుతుంటే రాయలసీమ పల్లె కళ్లముందు మెదలుతుంది. సాయంకాలం రామాలయంలో ఒకరు భారతమో రామాయణమో చదివి అర్థం చెబితే పదిమంది వింటారు. అరుగుమీద పులిజూదం గీతలు ఉంటాయి. శనివారం రాత్రి భజనలో హార్మోనియం, మృదంగం, తాళాలు మోగుతాయి. పండుగలకు కోలాటం, చెక్కభజన ఉంటాయి. చెక్కభజనలో చేతిలోని చెక్కల లయ తప్పకూడదు, అడుగు తప్పకూడదు, పక్కవాని అడుగును కనిపెట్టాలి, పాట అందుకోవాలి. ఇన్ని పనులు ఒకేసారి చేసే మనిషి కూడా ఒక విధంగా అవధానియే. బ్రాంక్స్ వైద్యులు చెప్పిన నాలుగు అలవాట్లూ మన పల్లెలో ఒకే వీధిలో ఉండేవి. వాటిని మనం కాలక్షేపమని తేలికగా చూశాం.

ఆ ఆటలను కొంచెం వివరంగా పరిశీలించాలి. పులిజూదాన్ని తీసుకుందాం. త్రికోణాకారంలో గీసిన గీతలు, అవి కలిసే 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. ఇంతే దాని సరంజామా. మేకను దాటి దూకి పులి దానిని చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. అయితే మేకలన్నీ ఒకదాని వెనుక ఒకటి ఖాళీ లేకుండా నిలబడితే పులి దూకలేదు. చివరకు కదలలేక చిక్కుపడుతుంది. చదరంగంలో ఇరువురి బలాలు సమానం. ఇక్కడ బలాలు అసమానం. పులులవైపు ఆడేటప్పుడు ఒక విధంగానూ, మేకలవైపు ఆడేటప్పుడు మరొక విధంగానూ ఆలోచించాలి. “నేను ఇక్కడ పెడితే అతడు అక్కడికి దూకుతాడు, అప్పుడు నేను ఏం చేయాలి” అని రెండు మూడు ఎత్తులు ముందుకు చూడాలి. ఈ ముందుచూపే వృద్ధాప్యంలో మొదట సన్నగిల్లే శక్తులలో ఒకటి. దక్షిణ దేశంలోని అనేక పాత ఆలయ మండపాలలో నేలబండలపై ఈ ఆటగీతలు చెక్కి ఉంటాయి. దేవుని సన్నిధిలో కూడా ఆటకు చోటిచ్చిన సంస్కృతి మనది.

వామనగుంటలు మరొక విధమైన ఆట. పీటపై రెండు వరుసలలో ఏడేసి గుంటలు, వాటినిండా చింతగింజలు. ఒక గుంటలోని గింజలను తీసి వరుసగా పంచుతూ పోవాలి. పంపకం ముగిసినచోట ఖాళీ గుంట వస్తే దాని తరువాతి గుంటలోని గింజలు ఆడినవారివి అవుతాయి. ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో కంటితోనే అంచనా వేసి, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ముగుస్తుందో మనస్సులోనే లెక్కకట్టాలి. పలకా బలపం పట్టని అవ్వలు ఈ లెక్కలో పట్టభద్రులను ఓడించగలరు. ఆఫ్రికాలోని అనేక ప్రాంతాలలో మంకాలా కోవకు చెందిన ఇటువంటి ఆటలే ఆడతారు. ఇక అష్టాచెమ్మా, బారాకట్ట వంటి గవ్వల ఆటలలో అదృష్టం పాలు కొంత ఎక్కువ. అయినా పడిన పందెంతో ఏ కాయను నడపాలి, దేనిని చంపాలి, దేనిని ఇంటికి చేర్చాలి అన్న నిర్ణయం ఆడేవారిదే. గవ్వలు దొరకకపోతే చింతపిక్కలను ఒకవైపు అరగదీసి వాడుకునేవారు. ఖర్చు లేని ఆటలివి.

పొడుపుకథలను కూడా ఈ కోవలోనే చేర్చాలి. పొడిచేవారు ఒకరు, విప్పేవారు ఒకరు. చీకటిపడిన తరువాత ఆరుబయట మంచాలపై పిల్లలూ పెద్దలూ కలిసి చేసిన మేధావిలాసమది. పిల్లవాడు కొత్త పొడుపుకథను బడినుండి తెస్తే అవ్వ ఆలోచించాలి. అవ్వ పాతదానిని తీస్తే పిల్లవాడు ఆలోచించాలి. ఇద్దరూ పృచ్ఛకులే, ఇద్దరూ అవధానులే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆట ఔషధం కాదు. బ్రాంక్స్ పరిశీలన వంటివి ఆటకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందని చూపుతాయి. ఆట ఆడితే వ్యాధి రానే రాదని నిరూపించవు. బుద్ధి చురుకుగా ఉన్నవారే ఆటకు వస్తారేమో అన్న సందేహం కూడా సమంజసమైనదే. అందుచేత మతిమరుపు వ్యాధి సోకినవారిని చూసి “ఆయన బుద్ధికి పని పెట్టలేదు, అందుకే ఇలా అయింది” అని నిందించడం అజ్ఞానం, అన్యాయం. జీవితమంతా గ్రంథపఠనంలో గడిపిన పండితులకు కూడా ఆ వ్యాధి వస్తుంది. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసింది. ఇంత పెద్ద సమస్యకు చింతగింజలు మాత్రమే పరిష్కారమని ఎవరూ చెప్పరు.

లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మార్చుకోగలిగిన 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చునని ఆ సంఘం అభిప్రాయపడింది. ఆ 14 కారణాలలో అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, శరీరశ్రమ లేకపోవడం ఉన్నాయి. వినికిడి లోపం, చూపు లోపం ఉన్నాయి. చిన్ననాట చదువు లేకపోవడం ఉంది. వీటన్నింటి సరసన ఒంటరితనం కూడా ఉంది. ఒంటరితనాన్ని రక్తపోటుతో సమానంగా లెక్కించవలసిన కాలం వచ్చిందన్నమాట. ఇందులో మనకు ఉపయోగపడే మరొక సూచన కూడా ఉంది. చెవి సరిగా వినిపించనివాడు నలుగురిలోకి రావడానికి వెనుకాడతాడు. కన్ను కనిపించనివాడు ఆట మానుకుంటాడు. మతిమరుపని మనం అనుకున్నది ఒక్కొక్కప్పుడు వినికిడి లోపమే కావచ్చు. తాతకు ఆటపలక తెచ్చేముందు ఆయన కళ్లద్దాలు సరిగా ఉన్నాయో లేదో చూడడం మనుమని మొదటి కర్తవ్యం.

“సెల్‌ఫోనులో ఇన్ని ఆటలుండగా పులిజూదం ఎందుకు?” అని కొందరు అడగవచ్చు. ఫోనులోని ఆటలను తిరస్కరించవలసిన పని లేదు. పదబంధాలు నింపడం, అంకెల చిక్కులు విప్పడం వృద్ధులకు మంచి వ్యాపకాలే. కానీ వాటి పరిమితిని గుర్తించాలి. 65 ఏళ్లు దాటిన సుమారు 2,800 మందికి జ్ఞాపకశక్తిలో, తర్కంలో, చురుకుదనంలో శిక్షణ ఇచ్చి అమెరికా పరిశోధకులు 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎవరు దేనిలో శిక్షణ పొందారో దానిలోనే అభివృద్ధి సాధించారు. ఒకదానిలో పొందిన శిక్షణ మిగిలినవాటికి అంతగా ఉపకరించలేదు. మెదడు ఆటలతో మతిమరుపు పోతుందని అబద్ధపు ప్రకటనలు ఇచ్చారన్న అభియోగంపై 2016లో ఒక అమెరికన్ కంపెనీ 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. యంత్రంతో ఆడిన ఆటలో గెలుపు ఓటములు ఉంటాయి కానీ సంభాషణ ఉండదు. “ఈ ఎత్తు మీ నాయన దగ్గర నేర్చుకున్నావా?” అని ఫోను అడగదు. ఓడిపోయినప్పుడు నవ్వదు. మరునాడు ఆయన రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికి వచ్చి కనుక్కోదు.

అయితే ఆ పరిశోధన ఒక మేలైన సత్యాన్ని కూడా చాటింది. 65 ఏళ్లు దాటినవారు కూడా నేర్చుకోగలరు. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను మనం పెద్దల విషయంలో మరీ నిర్దయగా వాడుతున్నాం. చదరంగం తెలియని తాతకు చదరంగం నేర్పవచ్చు. చదువురాని అవ్వకు అక్షరాలు దిద్దించవచ్చు. కువైట్‌లో ఉన్న కొడుకుతో ముఖాముఖి మాట్లాడడానికి ఫోనును ఎలా వాడాలో ఒకటికి పదిసార్లు ఓపికతో చూపవచ్చు. కొత్తది నేర్చుకోవడమే బుద్ధికి అన్నింటికంటె గట్టి మేత.

కువైట్ మాట వచ్చింది కనుక మన ప్రాంతపు వాస్తవాన్ని కూడా చెప్పుకోవాలి. కడప జిల్లా పల్లెలనుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువు కోసం వెళ్లారు. చదువుకున్నవారు బెంగుళూరుకు, హైదరాబాదుకు, అక్కడినుండి అమెరికాకు వెళుతున్నారు. వెళ్లినవారిని తప్పుపట్టలేం. కరవుసీమలో పుట్టిన బిడ్డలు దూరాలు వెళ్లకుంటే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. వారు పంపిన డబ్బుతో మట్టిమిద్దెల స్థానంలో మేడలు లేచాయి. ఆ మేడలలో ముసలివారు ఇద్దరు, ఒక్కొక్కచోట ఒక్కరే ఉంటున్నారు. పాత ఇళ్లకు వీధి అరుగులుండేవి. కొత్త ఇళ్లకు ఇనుప గేట్లున్నాయి. అరుగు పోవడంతో ఆటపలక పోయింది. ఆటపలకతోపాటు ఎదుట కూర్చునే మనిషి పోయాడు. ఇప్పుడు టీవీ ఒక్కటే ఆ ఇంటిలో నిరంతరం మాట్లాడుతూ ఉంటుంది. అది ఎన్నడూ ఏ ప్రశ్నా అడగదు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రచ్చబండ పురుషులది. వేపచెట్టు కింద పులిజూదం ఆడినవారు పురుషులే. వృద్ధస్త్రీకి ఆ చోటు ఏనాడూ దక్కలేదు. ఆమె వామనగుంటల పీట ఇంటిలోపల, అదీ పనులన్నీ తీరిన తరువాత. అనేక ఇళ్లలో ఆమె పని ఎన్నటికీ తీరదు. డెబ్బై ఏళ్ల వయసులోనూ మనుమలను సాకుతూ, వడ్లు ఎండబోస్తూ ఉంటుంది. శరీరానికి పని దొరుకుతుంది కానీ బుద్ధికి గౌరవం దొరకదు. భర్త పోయిన స్త్రీని శుభకార్యాలకు దూరంగా ఉంచే దురాచారం ఆమె ఒంటరితనాన్ని మరింత పెంచుతుంది. పెళ్లిపాటలు, మంగళహారతులు నోటికి వచ్చిన మనిషిని పెళ్లిపందిరికి రావద్దనడం ఎంత అవివేకం! పెద్దల బుద్ధిని కాపాడుకోవాలన్న ఆలోచన అవ్వ ఆటపీటతోనే మొదలుకావాలి.

ఈ కార్యంలో విద్యార్థుల పాత్ర ఏమిటి? ఇందుకు సంఘాలు, నిధులు, సభలు అక్కరలేదు. వారానికి ఒక ఆదివారం సాయంకాలం ఒక గంట చాలు. ఆ గంటలో పాటించవలసిన నియమాలు మాత్రం కొన్ని ఉన్నాయి. పెద్దవారు కదా అని జాలిపడి కావాలని ఓడిపోకూడదు. అది వారిని పసిపిల్లలను చేయడం. వారు దానిని ఇట్టే పసిగడతారు, మరునాడు ఆటకు రారు. వారు ఆలస్యంగా ఎత్తు వేస్తే తొందరపెట్టకూడదు. ఒకే సంగతిని రెండుసార్లు చెబితే ఎగతాళి చేయకూడదు. డబ్బు పందెం ఎన్నడూ పెట్టకూడదు. పందెం ఆటను ఏం చేస్తుందో తెలుసుకోవడానికి భారతంలోని సభాపర్వం చాలు. అన్నింటికంటె ముఖ్యమైనది అడగడం. “ఈ ఆట మీకు ఎవరు నేర్పారు? మీ ఊరిలో దీనిని ఏమనేవారు? ఆ కాలంలో మీతో సమానంగా ఆడినవారు ఎవరు?” అని అడిగితే ఆట ఆగిపోయి కథ మొదలవుతుంది. ఆ కథకు అడ్డురాకుండా వినాలి.

ఇది పెద్దలకు మనం చేసే ఉపకారమని భావించడం పొరపాటు. ఒక్కొక్క ఊరిలో ఆట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. పేర్లు మారతాయి, నియమాలు మారతాయి, ఆట మధ్యలో అనే మాటలు మారతాయి. వీటిలో అధికభాగం ఏ పుస్తకంలోనూ లేదు, ఏ నిఘంటువులోనూ చేరలేదు. మీ అవ్వ పొడిచే పొడుపుకథ, మీ తాత పాడే తత్త్వం వారితోనే వెళ్లిపోతే వాటిని తిరిగి రప్పించే మార్గం లేదు. ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్న విద్యార్థి తన ఊరికి తానే చరిత్రకారుడవుతాడు. ఏకాగ్రత, ముందుచూపు, ఓటమిని నవ్వుతూ స్వీకరించే గుణం అతనికి అదనపు లాభాలు. పరీక్షలో మార్కుల కోసం కంఠస్థం చేసిన పద్యం నెలలో మరచిపోయేవారు, పాటను అరవై ఏళ్లు గుండెలో దాచుకున్నవారి వద్ద ధారణ రహస్యాన్ని తెలుసుకోవచ్చు.

పెద్దల దీర్ఘాయుష్షును మనమంతా కోరుకుంటాం. ఆయుష్షు పెరిగి ఆలోచించే అవకాశం తరిగిపోతే ఆ పొడిగించిన సంవత్సరాలు ఎవరికి సుఖం? వైద్యుడు చేయవలసినది వైద్యుడు చేయాలి. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. పృచ్ఛకుని స్థానం మాత్రం ఇంటిలోని యువతీయువకులది. నేలమీద గీతలు గీయడానికి ఒక సుద్దముక్క, మేకలకు పదిహేను చింతగింజలు, పులులకు మూడు గులకరాళ్లు. ఇవి దొరకని ఇల్లు తెలుగునాట లేదు. ఎదుట కూర్చునే మనిషి కోసమే ఆ ఇంటిలోని పెద్దలు ఎదురుచూస్తున్నారు.